ఫలం కనిపించని పథ్యం

శరీరం పట్ల మనిషికి ఉన్న ధర్మం బాధ ఉన్నచోట తనంతట తానే గుర్తుకు వస్తుంది. విరిగిన ఎముక, కాలిన చర్మం, వారం రోజులు విడవని జ్వరం తమ చికిత్సను తామే అడిగి చేయించుకుంటాయి. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి, దాన్ని వెన్నంటి ఉండే అధిక రక్తపోటు అలా అడగవు. మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని శుభ్రపరుస్తున్నాయో లెక్కగట్టి చెప్పే అంకెను వడపోత రేటు అంటారు. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో అది వంద దరిదాపుల్లో ఉంటుంది. అది 60 కంటే తగ్గి మూడు నెలలకు మించి అలాగే ఉన్నా, అంతే కాలం పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతూ ఉన్నా, దాన్ని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా వైద్యులు లెక్కిస్తారు. ఆ అంకె 60 నుంచి 30కి దిగే వరకూ కూడా చాలామంది రోగులు పొలం పనికి, ఆఫీసుకు, పెళ్లిళ్లకు మామూలుగానే తిరుగుతుంటారు. రక్తపోటు 160కి చేరినా తల తిరగాలనీ, నొప్పి పుట్టాలనీ నియమం లేదు. ఈ స్థితి వైద్యశాస్త్రానికి ఎంత సమస్యో తత్త్వశాస్త్రానికీ అంత సమస్య. బాధ పెట్టని వ్యాధి ఉందని మనిషి దేని ఆధారంగా నమ్మాలి? ఫలం కంటికి కనిపించని చికిత్సకు ఏళ్ల తరబడి ఏ బుద్ధితో కట్టుబడి ఉండాలి?

మొదటి ప్రశ్నకు న్యాయదర్శనం దగ్గర సమాధానం ఉంది. యథార్థ జ్ఞానానికి సాధనమైనదాన్ని ప్రమాణం అంటారు. ఇంద్రియాలకు నేరుగా తెలిసే ప్రత్యక్షం, గుర్తును బట్టి తెలుసుకునే అనుమానం, పోలికను బట్టి తెలిసే ఉపమానం, నమ్మదగినవారి మాట అయిన శబ్దం అని నైయాయికులు నాలుగు ప్రమాణాలను అంగీకరించారు. తనకేమీ లేదని, బాగానే ఉన్నానని చెప్పే రోగి వీటిలో ప్రత్యక్షాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటున్నాడు. చార్వాకులను మినహాయిస్తే ప్రధాన భారతీయ దర్శనాల్లో దేనికీ ఆ ఒక్కటి చాలలేదు. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానానికి వారిచ్చే ఉదాహరణ. మూత్రంలో ఎంతకూ తగ్గని నురుగు, పొద్దున్నే కళ్ల చుట్టూ కనిపించే వాపు, కండరాల్లో పుట్టి మూత్రపిండాల ద్వారా బయటికి పోవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పేరుకోవడం, ఇవన్నీ పొగ; లోపల గట్టిపడుతున్న వడపోత గుచ్ఛాలు, అంటే రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల ఉండలు, నిప్పు. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు, ఒళ్లు నీరు పట్టిన రోగుల మూత్రాన్ని వేడిచేసినప్పుడు అది గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టడాన్నీ, మరణానంతరం వారి మూత్రపిండాల్లో కనిపించిన చెడునూ కలిపి చూపుతూ 1827లో గ్రంథం ప్రకటించినప్పుడు ఆయన వాడింది కూడా అచ్చంగా అనుమాన ప్రమాణాన్నే.

అయితే అందరు రోగులూ ఆ అనుమానాన్ని స్వయంగా చేయలేరు. వారికి మిగిలేది శబ్దం, అంటే ఆప్తుడి మాట. విషయాన్ని ఉన్నదున్నట్టు ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు స్పష్టం చేశాడు. అంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి మరొకటుంది. వేదం ఎందుకు ప్రమాణమని అడిగినప్పుడు న్యాయసూత్రకారుడు మంత్రాలనూ ఆయుర్వేదాన్నీ దృష్టాంతంగా చూపుతాడు. వైద్యుడి మాట నమ్మదగినదని రుజువైనట్టే వేదద్రష్టల మాట కూడా నమ్మదగినదని ఆయన వాదం. వైద్యం అక్కడ అందరూ ముందే ఒప్పుకున్న ఉదాహరణ, వేదప్రామాణ్యం దాని సాయంతో నిరూపించవలసిన విషయం. శాస్త్రాన్ని నమ్ముతూ వైద్యుడి మాటను పక్కనపెట్టే భక్తుడు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాడని చెప్పక తప్పదు.

రెండో ప్రశ్నకు వెళ్లేముందు ఈ రెండు వ్యాధుల పొత్తు ఎలాంటిదో చూడాలి. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు మూత్రపిండాలకే చేరుతుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛాలు, అంటే సన్నని రక్తనాళాల చిన్న చిన్న ఉండలు ఉంటాయి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడితే, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. రక్తపోటు పెరిగితే ఆ సన్నని నాళాల గోడలు దెబ్బతిని గట్టిపడతాయి. గుచ్ఛాలు తగ్గేకొద్దీ ఉప్పునూ నీటినీ బయటికి పంపే శక్తి తగ్గుతుంది. రక్తం చాలడం లేదని భావించిన మూత్రపిండం రెనిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి నాళాలను ఇంకా బిగుసుకునేలా చేస్తుంది. దానితో పోటు మళ్లీ పెరుగుతుంది. పోటు మూత్రపిండాన్ని చెడగొట్టిందా, చెడిన మూత్రపిండమే పోటును పెంచిందా అన్నది చాలామంది రోగుల విషయంలో వైద్యులు కూడా తేల్చలేరు. శాస్త్రాల్లో దీన్నే బీజాంకుర న్యాయం అన్నారు: విత్తు నుంచి మొలక, మొలక నుంచి విత్తు, వీటిలో మొదటిదేది? సంసారానికి ఆది చెప్పలేమని వివరించడానికి శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ దృష్టాంతాన్నే వాడారు. ఆది తెలియకపోయినా అంతం సాధ్యమన్నది అద్వైతం పెట్టిన ఆశ. విషబాణం తగిలినవాడు బాణం వేసినవాడి కులగోత్రాలు తెలిసేదాకా దాన్ని తీయనివ్వనంటే ప్రాణం పోతుందని బుద్ధుడు మాలుంక్యపుత్రుడికి చెప్పినదీ ఇదే కోవలోది. చక్రాన్ని ఎక్కడో ఒకచోట తుంచాలి. మందుకు, నాలుక అదుపుకు అందే చోటు రక్తపోటే.

శరీరం తనకు అవసరమైనదే చేస్తుందనే నమ్మకం ఒకటి పోటును దించే ఈ దారికి చాలాకాలం అడ్డు నిలిచింది, అది పామరుల నమ్మకం మాత్రమే కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో పేరున్న వైద్యులే, బిరుసెక్కిన నాళాల్లోంచి రక్తాన్ని తోయడానికి ఆ అధిక పోటు అవసరమని భావించారు. కారణం తెలియని అధిక రక్తపోటుకు 'ఎసెన్షియల్' అంటే అత్యవసరమైనది అనే అర్థం వచ్చే విశేషణం ఆ భావనను గుర్తుచేస్తూ నేటికీ నిలిచి ఉంది. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో మరణించిన రోజున ఆయన రక్తపోటు 300/190గా నమోదైంది; దాన్ని సమర్థంగా దించగల మందు అప్పటి వైద్యుల చేతిలో లేదు. సహజమైనదంతా మేలైనదే అన్న సూత్రం ఎంత ప్రమాదకరమో ఇంతకంటే పెద్ద సాక్ష్యం అవసరం లేదు. సుమారు 9,360 మందితో అమెరికాలో జరిగి 2015లో ఫలితాలు వెలువడిన 'స్ప్రింట్' అధ్యయనం, రక్తపోటులోని పై అంకెను 140కి బదులు 120 లోపుకు దించితే గుండె జబ్బులూ మరణాలూ తగ్గుతాయని చూపింది. దానిలో మూత్రపిండ వ్యాధి ఉన్నవారూ గణనీయంగా ఉన్నారు, మధుమేహం ఉన్నవారిని మాత్రం చేర్చుకోలేదు. మూత్రపిండ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2021లో, తట్టుకోగలిగినవారికి 120 లోపు లక్ష్యాన్ని సూచించాయి. 130/80 లోపు చాలనే వైద్యులూ ఉన్నారు. ఎవరికి ఏ అంకె అన్నది రోగి వయసు, తూలి పడే ప్రమాదం, ఇతర జబ్బులు చూసి వైద్యుడు నిర్ణయించవలసినది. అయిదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆన్చి, పాదాలు నేలకు మోపి కూర్చున్నాక కొలిచిన పోటే ఆ లెక్కకు పనికివస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంత చేసినా ఫలంగా దక్కేదేమిటి? పోయిన గుచ్ఛాలు తిరిగి రావు. వడపోత రేటు 38 దగ్గర ఉన్న రోగి రోజూ మూడు మాత్రలు వేసుకుని, ఉప్పు తగ్గించి, అయిదేళ్ల తరువాత 34 దగ్గర ఉంటే వైద్యుడు సంతోషిస్తాడు, రోగి నిరాశపడతాడు. ఆ అయిదేళ్లలో రాని పక్షవాతం, రాని గుండెపోటు, మొదలుకాని డయాలసిస్ ఏ పరీక్ష కాగితంలోనూ కనిపించవు. జరగకపోవడం ఒక ఫలమేనా?

లేనిదాన్ని గురించి భారతీయ తార్కికులు ఆలోచించినంత సూక్ష్మంగా ఆలోచించినవారు అరుదు. నేల మీద కుండ లేదని తెలియడం కూడా జ్ఞానమేనని గుర్తించి, లేకపోవడాన్ని అభావం అనే పదార్థంగా వైశేషికులు లెక్కలోకి తెచ్చుకున్నారు. భాట్ట మీమాంసకులు దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్నే ఒప్పుకున్నారు. అభావాల్లో ప్రాగభావం ఒకటి: కుండ తయారు కాకముందు ఉన్న కుండ లేమి. దానికి ఆది లేదు, కుండ పుట్టిన క్షణంలో అంతమవుతుంది. న్యాయ గ్రంథాల్లోని ముక్తి చర్చలో ప్రాభాకర మీమాంసకుల పక్షంగా ఒక వాదం కనిపిస్తుంది. ఇంకా పుట్టని దుఃఖం అలాగే పుట్టకుండా ఉండిపోవడమే పురుషార్థమన్నది ఆ వాదం. దానికి వచ్చిన ఆక్షేపణ రోగి వేసే ప్రశ్న లాంటిదే: ఎప్పటినుంచో ఉన్న లేమిని సాధించడమేమిటి, ముందే ఉన్నది ప్రయత్నానికి ఫలమెలా అవుతుంది? సమాధానం యోగక్షేమాలనే జంట మాటలో ఉంది. తెలుగువారు ఉత్తరాల్లో, పలకరింపుల్లో అలవోకగా వాడే ఈ మాటను గీతాభాష్యంలో శంకరులు విడదీసి చెప్పారు: లేనిదాన్ని పొందడం యోగం, ఉన్నదాన్ని కాపాడుకోవడం క్షేమం. ప్రయత్నం మానితే చేజారేదాన్ని ప్రయత్నంతో నిలుపుకుంటే, ఆ నిలకడ ఆ ప్రయత్నానికి ఫలమే. మూత్రపిండ రోగి చికిత్స యోగం కాదు, క్షేమం. దాన్ని యోగపు కొలతతో తూచబోయినప్పుడే నిరాశ మొదలవుతుంది. పతంజలి యోగసూత్రాల్లోని సాధనపాదం తప్పించుకోవలసినది ఇంకా రాని దుఃఖాన్నే అని చెబుతుంది, గడిచిన దుఃఖం అనుభవంలో ముగిసింది, అనుభవిస్తున్నది తప్పించుకోలేనిది కనుక. ఈ వ్యాధికి ఇంతకంటే సరిపోయే సూత్రం మరో చోట దొరకడం కష్టం.

క్షేమానికి తెలుగువాడి దగ్గర ఉన్న సొంత మాట పథ్యం. ఈ మాట వినగానే ఉప్పూకారం లేని చప్పిడి కూడు, ముఖం చిట్లించుకునే రోగి గుర్తుకు వస్తారు. కాని చరక సంహిత పథ్యానికిచ్చిన నిర్వచనంలో రెండు షరతులున్నాయి: అది దేహపు దారులకు చెరుపు చేయనిదై ఉండాలి, మనసుకు ఇష్టమైనదీ అయి ఉండాలి. రెండోదాన్ని మరిచిన పథ్యం ఎక్కువ రోజులు నిలవదని నేటి వంటిళ్లు కూడా చెబుతాయి. పెద్దలకు రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఇంచుమించు ఒక చెంచా ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఉప్పుచేప ఉన్న ఇంట్లో ఆ చెంచా మొదటి ముద్దల్లోనే అయిపోతుంది. వీటిని తగ్గించి చింతపండు, నిమ్మ, మిరియం, జీలకర్ర, కరివేపాకు, ఇంగువతో నాలుకను తృప్తిపరచవచ్చు. రెండు పొరపాట్లను మాత్రం గట్టిగా చెప్పాలి. ఉపవాసపు వంటల్లో వాడే సైంధవ లవణం వేరే జాతి ఉప్పు కాదు, దానిలోనూ అత్యధిక భాగం సోడియం క్లోరైడే. మామూలు ఉప్పుకు బదులుగా దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేని స్థితిలో అది గుండె లయనే తప్పించగలదు. ఆరోగ్యవంతుడికి అమృతమైన కొబ్బరినీళ్ల విషయంలోనూ రోగి వైద్యుణ్ణి అడిగి తీరాలి, వాటిలోనూ పొటాషియం ఎక్కువే.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలనే సామెత శరీరధర్మంగా నూటికి నూరుపాళ్లు నిజం. ఒంట్లో చేరిన ఉప్పు తనకు తగిన నీటిని నిలుపుకుంటుంది, ఆ నీరే పోటును పెంచి కాళ్లకు వాపు తెస్తుంది. కాని ఆ సామెతను జనం వాడేది మరో అర్థంలో: చేసినవాడు అనుభవించక తప్పదని. మూత్రపిండ రోగి మంచం పక్కన ఈ అర్థం పలికినప్పుడు అది క్రూరమవుతుంది. రోగం పూర్వకర్మ ఫలమైతే మందు ఎందుకన్న నిర్లిప్తత, రోగి ఏదో చేసే ఉంటాడన్న నింద, రెండూ ఆ ఒక్క వేరు నుంచే పుడతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ ఒళ్లు వంచి పనిచేసేవారిలో దశాబ్దాలుగా వ్యాపించిన మూత్రపిండ వ్యాధికి మూలకారణం ఇంతవరకు తేలలేదు. చాలామందిలో అది మధుమేహం వల్లనో పాత రక్తపోటు వల్లనో వచ్చినది కాదు. ఆ రైతుకూలీలు తిన్న ఉప్పేమిటి? చరకుడు ప్రజ్ఞాపరాధం అనే మాట వాడిన సంగతి నిజమే. తెలిసి కూడా బుద్ధి, నిగ్రహం, స్మృతి జారిపోయి చేసే తప్పు రోగకారణమని దాని అర్థం. కాని అదే సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసం, అంటే ఒక ప్రాంతం ప్రాంతమే రోగంతో నాశనం కావడం గురించి ఒక అధ్యాయం ఉంది. భిన్న ప్రకృతులున్నవారు ఒకేసారి ఒకే రోగం పాలైతే గాలి, నీరు, నేల, కాలం చెడ్డాయని గ్రహించాలని, ఆ చెడుకు దేశాన్నీ పట్టణాలనూ ఏలే పెద్దల అధర్మం మూలమని అది చెబుతుంది. అక్కడ తప్పు మోయవలసినవాడు రోగి కాదు. ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉండదని, దైవం బలహీనంగా ఉన్నచోట పురుషప్రయత్నం దాన్ని దాటగలదని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. మంత్రాలు, ఔషధాలు, పథ్యం వ్యర్థమయ్యేవైతే వాటిని విధించడమే ఉండేది కాదని దాని తర్కం. కర్మ సిద్ధాంతాన్ని మందుకు అడ్డుపెట్టేవారు ఈ భాగాన్ని చదవలేదు, లేదా చదివి దాచారు.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి బోధించిన శ్రేయస్సు, ప్రేయస్సుల భేదం, అంటే మేలైనదానికీ ప్రియమైనదానికీ మధ్య ఉన్న తేడా, ఈ చికిత్సలో ఒక విచిత్రమైన రూపంలో ఎదురవుతుంది. మూత్రపిండానికి రక్షణనిచ్చే మందుల్లో ముఖ్యమైన ఒక తెగ, బ్రెజిల్ దేశపు రక్తపింజరి జాతి పాము విషంలోని పదార్థంపై జరిగిన పరిశోధన నుంచి పుట్టింది; వాటిలో మొదటిదైన క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి లభించింది. విషం సైతం యుక్తితో వాడితే ఔషధమవుతుందన్న చరకుడి మాటకు ఇది తగిన ఉదాహరణ. ఈ తెగ మందు వడపోత గుచ్ఛాల లోపలి ఒత్తిడిని దించుతుంది కనుక, మొదలుపెట్టిన వారాల్లో క్రియాటినిన్ తగ్గడానికి బదులు కొంచెం పెరగవచ్చు. ఆ పెరుగుదల ముప్ఫై శాతం లోపు ఉండి అక్కడే ఆగితే వైద్యులు సాధారణంగా మందు మార్చరు. కాగితం మీద పెరిగిన అంకెను చూసి భయపడి మాత్ర మానేసే రోగి, మేలు కీడు వేషంలో వచ్చినందున దాన్ని గుమ్మం నుంచే పంపేసినవాడవుతాడు. దీనికి విరుద్ధంగా మోకాళ్ల నొప్పికి దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్ర సాయంత్రానికి సుఖమిచ్చి, పోటును పెంచి, మిగిలిన గుచ్ఛాలను కొన్నిటిని తీసుకుపోతుంది.

నశించే దేహానికి ఇంత శ్రద్ధ దేనికని అడిగే వైరాగ్యానికి కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో జవాబిచ్చాడు. ధర్మాన్ని సాధించడానికి శరీరమే మొదటి పనిముట్టు అన్న ప్రసిద్ధమైన మాట విందు సందర్భంలోనో వ్యాయామ సందర్భంలోనో వచ్చింది కాదు; ఘోరమైన తపస్సులో ఉన్న పార్వతిని, శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని బ్రహ్మచారి వేషంలోని శివుడు పలకరిస్తూ అన్న మాట అది. ఉపవాసం ఎవరి కోసమో ఆ దేవుడే అడిగిన ప్రశ్న అన్నమాట. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో దేహంలోని భూతాలను కృశింపజేసేవారిని భగవద్గీత పదిహేడో అధ్యాయం ఆసుర నిశ్చయం కలవారిగా లెక్కించింది. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని ఆరో అధ్యాయం చెప్పింది. రంజాను నెలలో రోగిష్టి ఉపవాసాన్ని మరో రోజులకు వాయిదా వేసుకోవచ్చని, శక్తి లేనివాడు బదులుగా పేదవాడికి అన్నం పెట్టవచ్చని ఖురాన్ రెండో అధ్యాయం సడలింపు ఇచ్చింది.

ఈ సడలింపులను వాడుకోవడం భక్తిలో లోటని భావించే రోగులు తెలుగు ఇళ్లలో ఎందరో ఉన్నారు. ఏకాదశి నాడు చుక్క నీరు ముట్టకుండా ఉండి, ఆ రోజు మాత్రలు మానేసి, మరునాడు పారణలో రెండింతల ఉప్పు తినేవారున్నారు. మాత్రలు మాత్రం వేసుకుని నీళ్లు మానేసేవారూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. మూత్రాన్ని ఎక్కువగా పోయించే మాత్ర, గుచ్ఛాల ఒత్తిడి దించే మాత్ర వేసుకున్న దేహం ఎండిపోతే, ఏళ్ల తరబడి కాపాడుకున్న మూత్రపిండం రెండు రోజుల్లో దెబ్బతినవచ్చు. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున ఏ మాత్ర ఆపాలో ముందే వైద్యుణ్ణి అడిగి రాసిపెట్టుకోవాలి. ఉపవాసం ఉండే అలవాటును వైద్యుడి దగ్గర దాచకూడదు. పండుగకు వారం ముందే చెప్పి, ఉండవచ్చో లేదో, ఉంటే ఎలా ఉండాలో తెలుసుకోవాలి. వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలోనూ ధర్మశాస్త్రంలోనూ ఒక లెక్క ఉంది: నీరు, దుంప, పండు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఆ లెక్కలో మొదటిది నీరు, చివరిది మందు.